పెట్రోలుతో పడవెక్కిన బండి

తాళం తిప్పగానే ట్యాంకు లోపలి నుంచి సన్నటి మూలుగు ఒకటి వినిపించి ఆగిపోవాలి. ట్యాంకులో మునిగి ఉండే పంపు, పెట్రోలును ఇంజనుకు తోస్తూ చేసే చప్పుడది. అది సరిగ్గా వినబడితే బండి లేస్తుంది. వినబడకపోతే ఎంత తన్నుకున్నా లేవదు. ఈ సంగతి నాకు అరవై దాటిన తరవాత తెలిసింది. అప్పటికి నా బతుకంతా ఇంజన్లతోనే గడిచింది.

మా రేవు కడియం దిగువన ఉంటుంది. కాలవ గట్టు దిగి ఏటిగట్టు ఎక్కితే రేవు. అవతల లంక. మధ్యలో గోదావరి పాయ. వరదల్లో ఆ పాయ ఎర్రగా పొంగి గట్టును తడుముతూ పోతుంది. వేసవిలో సగం నీళ్ళు, సగం ఇసుక. ఏ కాలంలోనైనా లంకవాళ్ళకు పడవే దారి. వంతెన వేస్తామని వచ్చి, రేవులో కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగి వెళ్ళినవాళ్ళను నేను చాలాసార్లు చూశాను. వాళ్ళ మీద కోపం నాకు ఈనాటికీ చల్లారలేదు. చల్లారకూడదనే నా అభిప్రాయం.

రేవు పక్కనే నా రేకుల షెడ్డు. లంకలో అరటితోటలకూ కూరపాదులకూ నీళ్ళు తోడే ఆయిలింజన్లు బాగుచేసేవాణ్ణి. బళ్ళో నేను చదివింది బహు తక్కువ. పాత ఇనుము కొట్లో చిత్తుకాగితాల కింద పడున్న ఇంజను పుస్తకాలు తెచ్చుకుని, బొమ్మలు చూసి, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని నేర్చుకున్నాను. పని నేర్పిన గురువు లేడు కాబట్టి నా తప్పులు నేనే చేసి, నేనే దిద్దుకున్నాను. అందుకే ఎవరైనా బల్ల వెనక కూర్చుని నీకేం తెలుసన్నట్టు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. లంకలోకి మోటారు సైకిళ్ళు వచ్చాక వాటినీ చూడ్డం మొదలుపెట్టాను. కార్బొరేటరు ఉన్న బండి ఏదైనా నాకు లొంగేది.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక, కార్బొరేటరు లేని బళ్ళు వచ్చాయి. మా రేవు దాటిన మొదటి అలాంటి బండి, లంకలో అరటి వేసే ఒక రైతుది. నలభై లోపు మనిషి. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేవాడు. రావులపాలెం మార్కెట్టులో గెలలకు మంచి ధర పలికిన ఏడాది ముచ్చటపడి కొనుక్కున్నాడు. కొన్న మరుసటేడే అతని భార్యకు మూత్రపిండాలు పోయాయి.

రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో వారానికి రెండుసార్లు ఆమెకు మిషను మీద రక్తం శుద్ధి చేసేవారు. రేవులో అందరూ 'రక్తం కడిగించుకోడానికి వెళ్తోంది' అనేవారు. ఆమెకిచ్చిన వంతు పొద్దున్నే. ఆ వేళ దాటితే మిషను మీద ఇంకొకరు పడుకుంటారు. ఒక్క వంతు తప్పితే ఒళ్ళంతా నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపేది. ఇంకొక వంతు కూడా తప్పితే ఏమవుతుందో డాక్టరు ఆమె ముందే చెప్పాడట. ఆ మాటను ఆమె దాచుకోలేదు. ఒకరోజు నా షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని ఆయాసపడుతూనే చెప్పింది.

"నాకు చావంటే అంత భయం లేదు బాబాయ్ గారూ. ఆ కాలవ గట్టు మీద, బండి ఆగిపోయి, ఈయన కిక్కు కొడతా ఉంటే, దారిన పోయేవోళ్ళు చూస్తా ఉంటే పోతానేమోనని. అదండీ నా బెంగ."

ఆ బండికి కిక్కు కొట్టే పనే లేదు, బటన్ నొక్కడమే. ఆమె చెప్పదలచుకున్నది నాకు అర్థమైంది.

బస్సుంది కదా, ఆటో ఉంది కదా అని అడిగేవాళ్ళుంటారు. అడిగేవాళ్ళు మా రేవుకు ఒక్కసారి వచ్చి చూడాలి. ఆ పొద్దున వేళకు గట్టు మీద బస్సు లేదు, ఆటోలు సంత జనం లేస్తే గాని రావు. బండి ఇవతల ఒడ్డున వదిలేసి వెళ్ళొచ్చు కదా అంటే, ఇంటి నుంచి పడవ దాకా అవతల అంత ఇసుక. ఆమె పది అడుగులు వేస్తే నిలబడిపోయేది. కాబట్టి బండి కూడా వాళ్ళతో ఏరు దాటాలి, మళ్ళీ తిరిగి దాటాలి. దారి ఒక్కటే.

బండి మొదటిసారి ఆగింది ధవళేశ్వరంలో, ఇరిగేషన్ ఆఫీసుల దగ్గర. కాసేపు నిలబెట్టాక మళ్ళీ లేచింది. రెండోసారి కడియం నర్సరీల మధ్య ఆగింది. మొక్కలు ఎక్కించుకుంటున్న లారీవాళ్ళు జాలిపడి తోశారు. ఈసారి లేవలేదు. వంతు తప్పింది. మధ్యాహ్నం బండిని తోసుకుంటూ అతనూ, ఎవరో ఎక్కించుకొచ్చిన ట్రాక్టరు ట్రక్కులో ఆమే రేవుకు వచ్చారు.

నాకు తెలిసిన పద్ధతిలో నేను చూశాను. ప్లగ్గు తీశాను, మంట బాగానే ఉంది. ట్యాంకు మూత తెరిచి, గాలి రంధ్రం సూదితో పొడిచి, బటన్ నొక్కితే బండి లేచి కూర్చుంది. గాలాడక పెట్రోలు దిగలేదన్నాను. పాత బళ్ళకు అదే జబ్బు. అది నిలబడి చల్లారింది కాబట్టి లేచిందని అప్పుడు నాకు తట్టలేదు. మూడు రోజులకు మళ్ళీ ఆగింది. అదృష్టం కొద్దీ ఆసుపత్రి దగ్గరపడ్డాక ఆగింది.

"బాబాయ్ గారూ, మీరు పొడిచిన కంత మళ్ళీ పూడుకుపోయిందంటారా?" అన్నాడు రైతు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

పడవ నడిపే ఆయన మాత్రం వెటకారమే ఆడాడు. మా ఇద్దరిదీ ఒకే వయసు, బావా అంటే బావా అనుకునేవాళ్ళం.

"ఏం బావా, ఆయిలింజను డాక్టరుకి కొత్త రోగం అంతు చిక్కట్లేదేంటి?"

"నీ పడవకి ఇంజను పెట్టించుకున్నప్పుడు రా, నీ అంతు చూస్తాను."

"నాకెందుకు ఇంజను? నా వెదురు గెడకి ప్లగ్గు లేదు, కంతా లేదు. ఎన్నడన్నా నడి ఏట్లో ఆగిపోయిందా?"

ఆగలేదు. ఆ మాట నిజమే.

నేను రైతుతో కలిసి రాజమండ్రి వెళ్ళాను. ఆ కంపెనీ బళ్ళు అమ్మే షోరూములో సర్వీసు బల్ల వెనక టై కట్టుకున్న మనిషి ఒకడు ఉన్నాడు. బండి ఎక్కడిదని అడిగాడు. లంక అనగానే కలం కింద పెట్టేశాడు.

"లంక బళ్ళన్నీ ఇంతేనండి. కిరసనాయిలు కలిపి పోసుకొస్తారు. పాడైతే మా మీద పడతారు."

"వాసన చూసి చెప్పండి బాబూ, కిరసనాయిలో కాదో."

"వాసనలు చూడ్డం నా పని కాదండి."

"మరి చూడకుండా ఎలా అన్నారు? ఈ మనిషి భార్య ఈ బండి మీద ఆసుపత్రికి వెళ్ళాలి. మీరు ఊరి పేరు వినగానే రోగం చెప్పేస్తున్నారే!"

నా గొంతు పెద్దది. షోరూమంతా తిరిగి చూసింది. రైతు నా చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. అప్పుడు లోపలి నుంచి హెడ్ మెకానిక్ వచ్చాడు. నడివయసు మనిషి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, గొడవేంటని అడగలేదు. "పెద్దాయనా, ఇలా రండి" అని నన్ను బళ్ళు విప్పే చోటికి తీసుకెళ్ళాడు. సర్వీసుకు వచ్చిన అలాంటి బండి దగ్గర వంగి నిలబడమని, ట్యాంకుకు చెవి ఆనించమన్నాడు. తాళం తిప్పాడు. సన్నగా, నునుపుగా ఒక మూలుగు వచ్చి ఆగిపోయింది.

"ఇప్పుడు మీ బండి వినండి."

మా బండిలో ఆ మూలుగు బొంగురుపోయి ఉంది. గొంతులో ఏదో అడ్డంపడ్డ మనిషి మాట్లాడినట్టు ఉంది.

ఫ్యూజు చూశాడు, రిలే చూశాడు, పంపుకు వచ్చే వైరులో టెస్టు బల్బు పెట్టి వెలిగించి చూపించాడు. కరెంటు నిండుగా వస్తోంది. అంటే జబ్బు వైర్లలో లేదు, పంపులోనే ఉంది. వేడెక్కిన కొద్దీ దాని జోరు తగ్గిపోతోంది, చల్లారితే మళ్ళీ కాస్త ఓపిక వస్తోంది. బండి ఆగి ఆగి లేవడానికి కారణం అదే. నేను ఒక్కో మాటా అడిగి చెప్పించుకున్నాను, అతను విసుక్కోలేదు. ఆ బల్లవాణ్ణి తిట్టినంత గట్టిగా ఇతన్ని మెచ్చుకోవాలి, మెచ్చుకుంటున్నాను.

"కంపెనీ లెక్కన పంపు సెట్టు మొత్తం మార్చాలండి. మా దగ్గర లేదు, తెప్పించాలి, వారాలు పడుద్ది. లోపలి మోటారు ఒక్కటీ మార్చుకోవాలంటే కార్ల సామాను అమ్మే కొట్లో ఇదే కొలతది దొరుకుద్ది. మేం వెయ్యకూడదు. మీరు వేసుకుంటే మీ ఇష్టం." అని, గొంతు తగ్గించి, "కానీ పెద్దాయనా, ఈ పంపు ఇంత తొందరగా పోకూడదండి. ఎందుకు పోయిందో నాకు అంతు పట్టట్లేదు. అది తెలుసుకోకుండా కొత్తది వేస్తే అదీ పోద్ది" అన్నాడు.

ఆ మాట పట్టుకుని నేను రేవుకు వచ్చాను.

మర్నాడు షెడ్డులో పని మొదలుపెట్టాం. పంపు విప్పాలంటే ముందు ట్యాంకు ఖాళీ చెయ్యాలి. "నేను తీసేస్తానుండండి, రోజూ చేసేదేగా" అని రైతు సీటు కింది నుంచి ఒక గొట్టం తీశాడు. ఆసుపత్రిలో సెలైను ఎక్కించే గొట్టం. ఒక కొస ట్యాంకులో పెట్టి, రెండో కొస నోటితో పీల్చి, కూల్‌డ్రింకు సీసాలో వదిలాడు. సీసా సగం కూడా నిండలేదు, ట్యాంకు అయిపోయింది. గొట్టం పైకి లాగేసరికి జారి ఇసుకలో పడింది. దాన్ని తీసి, 'ఉఫ్' అని ఊది, లుంగీకి ఒకసారి రుద్ది, చుట్టచుట్టి మళ్ళీ సీటు కింద పెట్టుకున్నాడు.

ఇది మా రేవులో ఎంతకాలంగానో ఉన్న ఆచారం. చిన్న నాటు పడవలో బండిని నిలబెడితే పడవ ఊగుతుంది. అందుకని అరటి డొప్పలు పరిచి, బండిని వాటి మీద పక్కకు పడుకోబెట్టేవారు. పడుకోబెడితే మూత దగ్గర పెట్రోలు కారుతుంది. కాబట్టి ముందే పెట్రోలు తీసి సీసాలో పోసి, ఒడ్డు చేరాక మళ్ళీ పోసుకునేవారు. సాయంత్రం మళ్ళీ తియ్యాలి కదా అని, వెళ్ళిరావడానికి సరిపడా తప్ప ఎక్కువ ఎవ్వరూ పోయించుకునేవారు కాదు. అందులో తెలివి తక్కువ ఏమీ లేదు. పాత బళ్ళకు దానివల్ల ఏ నష్టమూ రాలేదు. నేను ఆ తీయడం, పోయడం వేలసార్లు చూసి ఉంటాను. చూస్తూ ఉన్నదాన్ని ఎవరు చూస్తారు?

ట్యాంకు తిరగేసి, అడుగున పళ్ళెంలా ఉన్న బిళ్ళ బోల్టులు విప్పి, పంపు బయటికి తీశాను. దాని కింద సన్నటి వల గుడ్డతో కుట్టిన సంచి ఉంది. పెట్రోలు దాన్లోంచి వడకట్టుకుని పంపులోకి పోవాలి. తెల్లగా ఉండాల్సిన ఆ సంచి బూడిదరంగు ముద్దలా ఉంది. వేలితో నలిపి ఎండలో పెట్టి చూస్తే తళుక్కుమంది. గోదావరి ఇసుకలో ఉండే అభ్రకం అది. పెట్రోలు బంకులో అభ్రకం దొరకదు.

పంపును విడిగా బ్యాటరీకి తగిలించి, పెట్రోలులో ముంచి నడిపించాం. మొదట ధార బాగానే పడింది. కాసేపటికి సన్నబడి, తెగి, చుక్కలుగా రాలింది. పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి.

అప్పుడు బండితో ఇచ్చిన పుస్తకం తెప్పించి చదివాను. ట్యాంకులో పెట్రోలు మరీ తక్కువగా ఉంచి నడపకండి, పంపును చల్లగా ఉంచేది ఆ పెట్రోలే, అని ఒక మూల చిన్న అక్షరాలతో ఉంది. ఇంగ్లీషులో ఉంది, హిందీలో ఉంది. గోదావరి ఒడ్డున అమ్మిన బండికి తెలుగులో ఒక్క ముక్క లేదు. రైతుకు చెప్పేవాడు లేడు. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అటక మీద ఉంది. నేను చదివి చెబుతుంటే ఆ దంపతులిద్దరూ ఏదో తీర్పు వింటున్నట్టు విన్నారు.

"మీటరు మీద పచ్చ దీపం ఒకటి వెలుగుద్ది కదరా అబ్బాయ్, పసుపుపచ్చగా? అదెప్పుడన్నా వెలిగిందా?"

"ఎప్పుడూ వెలుగుతానే ఉంటుందండి."

"ఎప్పుడూ అంటే?"

"బండి లంకకి వచ్చిన కాడ్నించీనండి. తాళం పెడితే వెలగాల్సిందే కదండీ అది?"

పెట్రోలు అయిపోవస్తోందని చెప్పే దీపం అది. కొన్నప్పటి నుంచి ఆరని దీపాన్ని ఎవరైనా హెచ్చరిక అనుకుంటారా? బండికి అది బొట్టులాంటిది అనుకున్నాడు అతను.

కార్ల సామాను కొట్టులో మోటారు దొరికింది. కొత్త వల సంచీ దొరికింది. కొలతలు పట్టి, వైర్లు కలిపి, బిగించి, ట్యాంకు లోపల నిండా కడిగి ఆరబెట్టాను. సగం దాకా పెట్రోలు పోయించి తాళం తిప్పితే, షోరూములో విన్న నునుపైన మూలుగే వచ్చింది. నేను ఇంకోసారి తిప్పి విన్నాను. రైతు మాత్రం మీటరు వైపు చూసి బెంబేలుపడ్డాడు.

"బాబాయ్ గారూ, దీపం పోయిందండీ! బల్బు మాడిపోయిందేమోనండి!"

ఆయాసంలోనూ అతని భార్య నవ్వింది. ఆ నెలల్లో ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

"ఇంక ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గనివ్వకు. గొట్టం ఏట్లో పారెయ్యి" అన్నాను.

ఆ మాట అనడం తేలిక. బండి పెట్రోలుతో పడవ ఎక్కాలి కదా. పడవాయన ఎక్కనివ్వడు.

ఎక్కనివ్వకపోవడం మొండితనం అనుకుంటే పొరపాటు. ఆచారం ఊరికే పుట్టలేదు. చాలా ఏళ్ళ కిందట, బండిని పెట్రోలుతోనే పడుకోబెట్టి దాటిస్తుంటే మూత కారి పెట్రోలు పడవ అడుగు నీళ్ళలో తేలింది. జనంలో ఎవరో బీడీ ముట్టించి పుల్ల పారేశారు. పడవాయన తమ్ముడే అప్పుడు గెడ వేస్తున్నాడు. ఈత వచ్చినవాళ్ళు ఏట్లో దూకారు. అతను మిగిలినవాళ్ళతో పడవను ఒడ్డుకు తోసి గాని దూకలేదు. నేను మొల లోతు నీళ్ళలోకి పరుగెత్తి అతన్ని పట్టుకున్నాను. పట్టుకున్న చోట చర్మం నా చేతికి వచ్చింది. కాకినాడ ఆసుపత్రిలో కొన్నాళ్ళుండి పోయాడు. ఆ రోజు నుంచి అన్న పడవలో బీడీ లేదు, పెట్రోలుతో బండీ లేదు. ఒక దొడ్డ అధికారి బండినే దింపేశాడు ఒకసారి.

ఆ సాయంత్రం రేవులో అడిగాను.

"బండిని పడుకోబెట్టొద్దు బావా, నిలబెట్టి కడదాం. మూత బిగించుంటే చుక్క కారదు."

"ఆ రోజూ కారింది చుక్కే."

"అప్పుడు పడుకోబెట్టబట్టి..."

"నీకు తెలీదా? నువ్వు చూళ్ళేదా? నీ చేత్తో పట్టుకోలా వాణ్ణి?"

కోపంతో బతికిన మనిషిని నేను. షోరూములో, ఆఫీసుల్లో, ఎక్కడైనా అరవగలను. అక్కడ ఎవరి మీద అరవాలి? న్యాయం అతని వైపూ ఉంది, ఆమె వైపూ ఉంది.

రైతు తెగించి, "పోనీ మేం వేరే పడవ మాట్లాడుకుంటాంలెండి" అన్నాడు.

"మాట్లాడుకో. మునిగినా, కాలినా నా కళ్ళ ముందు మాత్రం వద్దు" అని పడవాయన గెడ అందుకున్నాడు.

ఆమె రాతిమెట్టు మీద కూర్చుని ఉంది. కాళ్ళు నీరుపట్టి చెప్పుల్లో ఇమడడం లేదు. "ఆయన్ని ఇంక అడక్కండి బాబాయ్ గారూ" అంది. "ఆయనకి తమ్ముడు కళ్ళలో మెదుల్తున్నాడు. ఎలా తీసుకెళ్ళే రాత ఉంటే అలాగే వెళ్తాను." తరవాత పడవాయన వైపు తిరిగి, "మావయ్య గారూ, నా మీద కోపం పెట్టుకోకండేం. నేను మీ పడవలో రాకుండా ఎక్కడికి పోతాను" అంది.

ఆ సాయంత్రానికి రైతు సెలైను గొట్టం మళ్ళీ బయటికి తీశాడు. నేను బాగుచేసిన ట్యాంకులోంచి, నా ఎదురుగానే పెట్రోలు పీల్చి సీసాల్లో పోశాడు. బండి పడుకుంది. వాళ్ళు వెళ్ళిపోయారు. షెడ్డు తలుపు వేసుకుంటూ, ఈ మోటారు ఎన్నాళ్ళకు పోతుందా అని ఆలోచించాను.

మధ్యలో ఒక్కరోజు పడవ నడవలేదు. పడవాయనకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. అవతల ఒడ్డున మేకులు కొట్టే చప్పుడు మాత్రం పొద్దుపోయే దాకా వినిపించింది.

ఆమె ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే నేను రేవులోనే ఉన్నాను. మంచు తెర ఇంకా పూర్తిగా విడలేదు. పడవ వస్తోంది. అందులో బండి నిలబడి ఉంది. పడుకుని లేదు, నిలబడి ఉంది, ఎవరో మనిషి నిలబడినట్టు. పడవ వెనక పడవాయన ఒక్కడే. రైతు లేడు, ఆమె లేదు, పాల క్యానువాళ్ళు లేరు, ఎవ్వరూ లేరు.

ఒడ్డు చేరాక చూశాను. పడవ అడుగున చుక్క నీరు లేకుండా తోడి, గుడ్డతో తుడిచి, పొడి ఇసుక పోశాడు. అడ్డంగా రెండు దిమ్మలు బిగించి, చక్రాలు కూర్చునేటట్టు గాడి చెక్కాడు. నాలుగు వైపులా మోకులు కట్టాడు. ట్యాంకు మూత మీద తడిపిన గోనెపట్టా కప్పాడు.

"పట్టు బావా" అన్నాడు. ఇద్దరం దింపాం. ట్యాంకు బరువుగా ఉంది. నేను మూత చుట్టూ వేలితో తడిమాను. పొడిగా ఉంది.

"మనుషులేరి?"

"రెండో తడవలో."

"అదేంటి?"

"పెట్రోలుతో బండి వస్తే నా పడవలో నేను తప్ప ఇంకో ప్రాణి ఉండకూడదు. అంటుకుంటే నేనూ, పడవా. వాడికి లాగా ఎవరినో ఒడ్డున పడేసే పని ఉండదు. దూకేస్తాను." గెడ నీళ్ళలో దింపి, "వాళ్ళాయన ఎక్కుతానని ఒకటే గోల. ఎక్కితే తిరగేసి ముంచుతానన్నాను" అని వెనక్కి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ వయసులో, ఆ చలిలో, రెండోసారి ఏరు దాటి ఆ దంపతులను తీసుకొచ్చాడు. సాయంత్రం మళ్ళీ అంతే, బండి ఒక తడవ, మనుషులు ఒక తడవ. రేవులో జనం సణిగారు. మాకు ఆలస్యమవుతోందని ఒకడు, ఒక్క బండి కోసం ఇంత వేడుకా అని ఇంకొకడు. పడవాయన వినిపించుకోలేదు. ఆయనకు బదులు నేను చెప్పాను, అదీ నాకు చేతనైన గొంతుతో. తరవాత ఎవరూ సణగలేదు.

ఆ రోజు ఆమె బండెక్కి కూర్చున్నాక రైతు తాళం తిప్పాడు. అతను బటన్ నొక్కకుండా ఆగి నా వైపు చూశాడు. ముగ్గురం విన్నాం. పంపు చప్పుడు సన్నగా వచ్చి ఆగింది. బండి లేచింది. వాళ్ళు గట్టు ఎక్కి, మలుపు తిరిగి, కాలవ లాకుల దాకా వెళ్ళే చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. ఎక్కడా తెగలేదు.

ఆమె ఆ తరవాత రెండేళ్ళ పైన బతికింది. బండి వల్ల మాత్రం ఒక్క వంతు తప్పలేదు. వరదల్లో తప్పాయి, అది వేరే సంగతి, దానికి జవాబు చెప్పాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. ఆమె పోయింది ఆసుపత్రి మంచం మీద. గట్టు మీద కాదు.

కర్మలన్నీ అయ్యాక ఒకరోజు రైతు బండితో మా ఒడ్డు నుంచి లంకకు వెళ్ళడానికి వచ్చాడు. ఎక్కడ సంపాదించాడో, ఒక గొట్టం తీసి ట్యాంకు ఖాళీ చెయ్యబోయాడు. బండిని పడుకోబెడితే అందరితో పాటు ఒకే తడవలో పోవచ్చని.

"ఇప్పుడు తొందరేముందండీ" అన్నాడు నాతో. "పంపు పోతే పోద్ది. ఆయన్ని నా కోసం రెండుసార్లు తిప్పడమెందుకు?"

పడవాయన ఒడ్డు దిగి వచ్చి, అతని చేతిలోంచి గొట్టం తీసుకున్నాడు.

"మూత బిగించరా" అన్నాడు. "ముందు బండిని తీసుకెళ్తాను. నువ్వు ఇక్కడ కూర్చో."

రైతు నా బల్ల మీద కూర్చున్నాడు. పడవ అవతలికి వెళ్ళి, మళ్ళీ ఇవతలికి వచ్చేదాకా మేమిద్దరం గెడ నీళ్ళలో పడే చప్పుడు వింటూ కూర్చున్నాం.